లింగప్ప సారు చెప్పిన నాలుగు లైన్లు

సాయంత్రం ఐదింటిలోగా ఆరీఫా చేయవలసిన పనులు ఇవి.

కొళాయి వచ్చే రోజు కాబట్టి డ్రమ్ములు నింపుకోవాలి. పోర్టల్ వాళ్ళకు ఫోను చేయాలి. ప్రిన్సిపాల్ ఫోను చేస్తే తీయాలి. తన క్లాసు పిల్లల్లో ఇంకా క్షమాపణ రాయనివాళ్ళ చేత రాయించాలి. నాయనతో మాట్లాడాలి. నిన్న మధ్యాహ్నం నుంచి మెతుకు ముట్టని చెల్లెలి చేత ఒక సంగటి ముద్దైనా తినిపించాలి.

డ్రమ్ములు మాత్రం నిండాయి.

"ఓమ్మే ఆరీఫా, నువ్వన్నా పిలువు దాన్ని. సంగటి సల్లారిపోతాంది," అంది తల్లి రమీజా, వంటింట్లోంచి.

"నేను పిలిస్తే రాదమ్మా."

"పిలవకనే ఎట్ల తెలుస్తుంది నీకు?"

ఆరీఫా చెయ్యి తుడుచుకుని పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. తబస్సుమ్ రుబ్బురోలు మీద కూర్చుని ఎదురుగోడకేసి చూస్తోంది. ఆ గోడ మీద చూడడానికి ఏమీ లేదు.

"తబ్బూ, రా. తిందువు."

తబస్సుమ్ తల తిప్పలేదు. గొంతు మాత్రం పెంచింది. "అమ్మా, కాపీ కొట్టినోల్లకు కూడా అన్నం పెడతారేమో మేడాన్ని అడుగు."

మేడం అన్న మాట ఆరీఫాకు చురుక్కున తగిలింది. కళ్యాణదుర్గంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆరీఫా కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. తబస్సుమ్ అక్కడే రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ గేటు లోపల మేడం, గేటు దాటగానే అక్క. రెండేళ్ళుగా ఆ హద్దును ఇద్దరూ ఒక్కసారి కూడా దాటలేదు. నిన్నటి నుంచి ఇంట్లో కూడా మేడమే.

"నేను నిన్ను కాపీ కొట్టినావని అన్లేదు తబ్బూ."

"అమ్మా, క్లాసు గ్రూపులో ఏం పెట్టిందో సదవమను. 'పోర్టల్ గుర్తించిన లైన్లను తీసేసి, క్షమాపణ రాసి, ప్రోగ్రాంను మళ్ళీ పెట్టండి.' కొట్టనోల్లు క్షమాపణ యాలా రాస్తారు?"

"మీ ఇద్దరి మద్దిన నన్ను పోస్టుమాన్ను చేసినారు గదే!" అంది రమీజా. నవ్వుదామనే అన్నది గాని, ఎవరూ నవ్వలేదు.

కాలేజీకి ఈ ఏడే ఆ పోర్టల్ వచ్చింది. పిల్లలు ఫోనులోనో ల్యాబులోనో ప్రోగ్రాం రాసి అందులో పెడితే, అదే నడిపి చూస్తుంది, అదే మార్కులు వేస్తుంది. దూరపు పల్లెల నుంచి, కంబదూరు నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు బస్సు ఆలస్యమైతే పాఠం పోయిందని ఏడ్చే బాధ తప్పింది. పాఠం ఫోనులో ఉంటుంది, ఎన్నిసార్లయినా వినవచ్చు. ఆ సంగతి ఆరీఫా మొదటి నుంచీ ఒప్పుకుంటూనే వచ్చింది.

కానీ పోర్టల్ ఇంకో పని కూడా చేస్తుంది. ఒకరి ప్రోగ్రాంను ఇంకొకరిదానితో పోల్చి చూస్తుంది. నిన్న అలా చూసి, క్లాసులోని ప్రతి పేరు ఎదుటా ఎర్రటి అక్షరాలతో 'కాపీ' అని వేసింది. అందరి ప్రోగ్రాంలలోనూ మొదటి నాలుగు లైన్లు ఒక్కటే. అక్షరం తేడా లేదు. ఆ మాట చెరగకపోతే ఎవరూ ల్యాబు పరీక్షకు కూర్చోలేరు. లేదంటే ఈరోజు ఐదింటిలోగా క్షమాపణ రాయాలి, అప్పుడు కూర్చోనిస్తారు. 'కాపీ' అన్న మాట మాత్రం మార్కుల జాబితాలో అలాగే ఉండిపోతుంది.

చాలామంది రాసేశారు. తబస్సుమ్ రాయలేదు.

"ఆ నాలుగు లైన్లు యాడివో నీకు తెల్దా?" తబస్సుమ్ ఇప్పుడు నేరుగా అక్కనే చూసింది. "ఈ ఇంట్లో పుట్టినవి కాదా? వాటిని తీసేయమనడానికి నీకు నోరెట్ల వచ్చిందక్కా?"

కోపంలో తన నోటి నుంచి మళ్ళీ 'అక్కా' అని వచ్చిందని దానికి తెలియలేదు. ఆరీఫాకు తెలిసింది.

* * *

ఆ లైన్లు పుట్టింది ఈ ఇంటి ముందుగదిలోనే.

ఆరీఫా ఎనిమిదో తరగతిలో ఉండగా వజ్రకరూరు నుంచి లింగప్ప అనే ఆయన వచ్చి, కంప్యూటర్ సెంటరు పెట్టడానికి ఆ గదిని బాడుగకు అడిగాడు. బళ్ళారిలో మూతపడిన ఒక ఆఫీసులో కొన్న పాత కంప్యూటర్లను టెంపోలో వేసుకొచ్చాడు. ఆరీఫా తండ్రి ఇమాంసాబ్ పరుపులు కుట్టేవాడు. ఎండాకాలం గాలికి ఊరి ఎర్రదుమ్మంతా ఆ తెరల మీద పేరుకుంటుంటే చూడలేక, చారల పరుపు గుడ్డతో ఒక్కో కంప్యూటరుకూ ఒక్కో గలేబు కుట్టి ఇచ్చాడు. దూరం నుంచి చూసేవాళ్ళకు గదినిండా చిన్న చిన్న పరుపులు నిలబెట్టినట్టుండేది.

కరెంటు ఉంటే పాఠం లోపల, పోతే అరుగు మీద. అప్పట్లో అరుగు మీద పాఠాలే ఎక్కువ.

ఆరీఫాకు బాగా గుర్తున్నది విత్తనాలకు కాయలు ఒలిచే రోజుల్లో ఒక మధ్యాహ్నం. వీధిలో ప్రతి ఇంటి ముందూ వేరుశనక్కాయల కుప్పలు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి మాట్లాడుకుంటూ ఒలుస్తున్నారు. కరెంటు పోయింది. లింగప్ప సారు రమీజాను అడిగి చాటెడు కాయలు తెచ్చి పిల్లల ముందు పోశాడు.

"ఏమప్పా ఆరీఫా, ఒకటి ఒలువు." ఆయనకు ఆడపిల్లలైనా, మగపిల్లలైనా అందరూ అప్పాలే.

ఆరీఫా ఒక కాయ తీసుకుంది. రెండు వేళ్ళ మధ్య నొక్కి, లొట్టగా ఉంటే పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది.

"ఆగప్పా. మొదటిది యాలా పడేస్తివి?"

"తాలు సార్. లోపల గింజ లేదు."

"ఒలిచి చూడకనే ఎట్ల తెలిసె?"

"నొక్కితే తెలుస్తుంది గదా సార్."

"సూసినారా!" అని ఆయన పిల్లలందరి వైపూ తిరిగాడు. "మీ అవ్వలకు, మీ అమ్మలకు చెప్పకనే వచ్చే పని ఇది. కంప్యూటరుకు రాదు. దానికి తాలుకాయ ఇస్తే దాన్నీ ఒలస్తది. గింజ దొరక్క ఆడనే నిలబడి పోతది. అందుకే ఏ ప్రోగ్రామైనా సరే, ముందు తాలు చూడమని దానికి చెప్పల్ల. తర్వాతనే మిగతా పని."

అప్పటి నుంచి ఆయన దగ్గర చదివిన ప్రతి పిల్లా, పిల్లవాడూ ప్రోగ్రాం పైన ముందుగా 'తాలు' అని పేరు పెట్టి మూడు లైన్లు రాసేవారు. కంప్యూటరుకు ఇచ్చిన దానిలో ఏమైనా ఉందా, ఖాళీగా ఉందా అని చూసే లైన్లవి. వాటికి కూడా పైన ఇంకొక లైను. అది కంప్యూటరు కోసం కాదు, చదివే మనిషి కోసం. 'ఇది లింగప్ప సారు చెప్పింది.'

ఆయన తన పేరు కోసం పెట్టించింది కాదది. మొదట్లో ఆయన తన గురువు పేరు రాయించేవాడు. పిల్లలే ఒకరోజు కూడబలుక్కుని ఆ పేరు మార్చేశారు. ఆయన తిట్టాడు. వాళ్ళు వినలేదు. "సరేలే, మీరు ఇంకొకరికి చెప్పినప్పుడు ఎవరు చెప్పినారో కూడా చెప్పండప్పా. అంతే," అన్నాడు చివరికి.

వాన పడిన మర్నాడు మాత్రం సెంటరుకు సెలవు. సారు వజ్రకరూరు చేలలోకి వజ్రాలు వెతకడానికి పోయేవాడు. సాయంత్రం మోకాళ్ళ దాకా బురదతో బస్సు దిగేవాడు.

"దొరికినాయా సార్?"

"ఇది కాదు అని తేలిన రాళ్ళు శానా దొరికినాయప్పా."

ప్రోగ్రాం నడవక ఎవరైనా ఏడుపు మొహం పెడితే కూడా ఆయన ఇదే మాట అనేవాడు.

నిరుడు ఉగాది వెళ్ళిన వారానికి ఆయన పోయాడు. గది అలాగే ఉండిపోయింది. పోయిన వారమే ఇమాంసాబ్ ఆ కంప్యూటర్లను పాత సామాన్ల బండికి ఎత్తించాడు. ఆరోజు తబస్సుమ్ బండికి అడ్డం పడి ఏడిస్తే, "పోనీ తబ్బూ, అవి ఇంక పనికిరావు," అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది ఆరీఫాయే.

* * *

పోర్టల్ వాళ్ళ ఫోను కలిసేసరికి మధ్యాహ్నం దాటింది. అవతల మాట్లాడినామె పేరు సువార్త. మెత్తటి గొంతు.

"చెప్పండి మేడం."

"మా పిల్లలు కాపీ కొట్టలేదండీ. ఆ లైన్లు అందరికీ ఒకటే చెప్పినవి. ఎవరి మిగతా ప్రోగ్రాం వాళ్ళదే. చూడండి కావాలంటే."

"చూశాను మేడం. నిజమే, మిగతాదంతా వేరువేరుగానే ఉంది. కానీ కోర్సు మొదలుపెట్టేటప్పుడు మిమ్మల్ని ఒక మాట అడిగాం. పిల్లలకు మీరు ముందుగా ఇచ్చిన లైన్లు ఏమైనా ఉన్నాయా అని. ఉంటే వాటిని పోల్చకుండా వదిలేస్తుంది. మీరు లేవని పెట్టారు."

"లేవండీ. నేనేమీ ఇవ్వలేదు."

"మరి ఆ లైన్లు?"

"అవి నావి కావు కదండీ. లింగప్ప సారువి."

"ఆయన మీ కాలేజీలోనే పనిచేస్తారా?"

"లేదు. చనిపోయారు."



"మేడం, తప్పుగా అనుకోకండి. ఈ పిల్లలకు ఆ లైన్లు ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను."

"అయితే మీరిచ్చినట్టే కదా మేడం?"

ఆరీఫా గోడకు ఆనుకుంది. ఆ ప్రశ్న చదివిన రోజు ఆమె ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. అన్నానికి ముందు బిస్మిల్లా అనడం ఎవరిచ్చారని ఎవరైనా అడిగితే ఎలా ఉంటుందో, అలా ఉంది ఆమెకు. సారు సొత్తును 'నేనిచ్చాను' అని చెప్పుకోవడం మనసుకు తట్టనైనా లేదు. ఆ మర్యాదే ఇప్పుడు పిల్లల నెత్తిన పడింది.

"ఇప్పుడు మార్చుకోవచ్చా అండీ?"

"మీరు పొరపాటు చేశారని రాసి పంపితే ఐదింటికి మా కమిటీ ముందు పెడతాను. కానీ మేడం, పిల్లలు దొరికాక చాలామంది టీచర్లు ఇదే మాట అంటారు. వాళ్ళు నమ్మాలంటే మీవీ, మీ పిల్లలవీ కాకుండా, వేరే ఎవరైనా ఇంతకుముందు ఎప్పుడో రాసిన ప్రోగ్రాంలో ఈ నాలుగు లైన్లూ ఉన్నట్టు చూపించండి. ఒక్కటి చాలు."

ఫోను పెట్టిన కాసేపటికి ప్రిన్సిపాల్ ఫోను. పోర్టల్ వాళ్ళు సంగతి ఆయనకూ చెప్పేశారు.

"ఆరీఫా గారూ, పిల్లల చేత క్షమాపణ రాయించి ముగించేద్దామంటే మీరెందుకమ్మా లాగుతారు? పొరపాటు మీదేనని మీరే రాసిస్తే, జూన్‌లో మిమ్మల్ని మళ్ళీ తీసుకోమని మేనేజిమెంటును నేను ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఆలోచించి చెబుతాను సార్."

"ఆలోచించడానికేముంది? మీ చెల్లెలు ఒక్కతే కదా మిగిలింది. ఇంట్లో ఉన్న పిల్లకు చెప్పుకోలేరా?"

ఆరీఫా ఫోను పెట్టేసి తిరిగింది. వెనక తబస్సుమ్ నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"రాయనా అక్కా క్షమాపణ?" అంది నెమ్మదిగా. ఈసారి కోపం లేదు. "నీ ఉద్యోగం పోతుందంటే రాస్తా. నాకు తెల్దు ఆ సంగతి."

ఆరీఫా చెల్లెలి మొహంలోకి చూసింది. నిన్నటి నుంచి తిండిలేక పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ముందు సంగటి తిను," అంది.

"నువ్వేం చేస్తావు?"

"నువ్వు తినే లోపల రాసేస్తా."

నిజంగానే రాసేసింది. 'ఈ నాలుగు లైన్లు పిల్లలకు చెప్పింది నేనే. కోర్సు మొదట్లో ఆ మాట చెప్పకపోవడం నా పొరపాటు. పిల్లల తప్పు లేదు.' పంపేముందు వేలు కాసేపు అక్కడే ఆగింది. ఈ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెది. మొదటి నెల జీతం వచ్చిన రోజు నాయన ఆ సంగతి బజారంతా చెప్పి వచ్చాడు. అదంతా ఆ వేలి మీద బరువుగా కూర్చుంది.

లోపల తబస్సుమ్ సంగటి తింటున్న చప్పుడు వినబడింది. ఆరీఫా నొక్కేసింది.

* * *

ముందుగది తలుపు తీసి ఉంది. ఇమాంసాబ్ నేల మీద కూర్చుని చారల గలేబులను ఒకదాని మీద ఒకటి మడత పెడుతున్నాడు. కంప్యూటర్లు ఉన్నచోట గచ్చు మీద చదరపు మచ్చలు మిగిలాయి.

"వీటిని ఇయ్యలేదా నాయనా?"

"మిషన్లు అడిగినాడు, ఇచ్చినా. ఇవి నేను కుట్టినవి. యాలా ఇస్తా?"

ఆరీఫా పక్కన కూర్చుంది. సంగతంతా చెప్పింది. పాత ప్రోగ్రాం ఒక్కటి కావాలని, అవన్నీ ఆ మిషన్లలోనే ఉండేవని కూడా చెప్పింది.

ఇమాంసాబ్ చేతిలోని గలేబు చేతిలోనే ఉండిపోయింది. "అంటే, నేను బండికి ఎత్తించింది అదేనా?"

"నేనూ వద్దనలేదు గదా నాయనా."

"నేనొక్కదాన్నే అన్నా," అంది తబస్సుమ్ గుమ్మంలోంచి. చెయ్యి ఇంకా కడుక్కోలేదు. "ఏడిస్తే, పనికిరావు పో అన్నారు ఇద్దరూ."

 బయట ఆటో ఒకటి నిలిచి, మనుషుల్ని దింపి, మళ్ళీ కదిలింది.

ఇమాంసాబ్ చేతిలోని గలేబును కింద పెట్టి అన్నాడు. "నాకు మీ సదువు తెల్దు. ఒక మాట అడుగుతా. రాసింది మిషనా, పిల్లోల్లా?"

"పిల్లలే."

"మిషన్లు పోయినాయి. పిల్లోల్లు యాడికి పోయినారు? ఈ గది నిండా ఉండ్రి గదా. పొద్దున ఒక మంద, మాపున ఒక మంద. మీ అమ్మ నీళ్ళు పోయలేక సచ్చేది. ఓబుళేసు కొడుకు గంగాధర్ యాడుండాడు? ఆ తలుపుకాడ కూర్చునే చౌడేశ్వరి?"

ఆరీఫా తలెత్తింది.

గంగాధర్ బెంగళూరులో ఉన్నాడని విన్నది. చౌడేశ్వరి గుంతకల్లులో ఏదో ఆఫీసులో. మిగతావాళ్ళు ఎక్కడెక్కడో. వాళ్ళందరితో ఎప్పుడో ఒక గ్రూపు ఉండేది. 'లింగప్ప కంప్యూటర్స్' అని పేరు. సెంటరు బోర్డే దాని బొమ్మ. ఆరీఫా ఫోనులో అది ఎక్కడో అడుగున పడిపోయింది. వేలితో లాగుతూ పోగా పోగా కనబడింది.

చివరి సందేశం నిరుడు ఉగాది వెళ్ళిన వారానిది. సారు పోయారని ఆమే పెట్టింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. తర్వాత ఏమీ లేదు. ఆ మాట కింద ఇంకొక మాట రాయడానికి ఎవరికీ చేతులు రానట్టుంది.

"రాయడానికి నాకూ చేతులు రావడం లేదు తబ్బూ," అంది ఆరీఫా.

తబస్సుమ్ పావడాకు చెయ్యి తుడుచుకుని వచ్చి అక్కను ఆనుకుని కూర్చుంది. "నువ్వు కొట్టు. నేను చెప్తా. అచ్చుతప్పులు మాత్రం నువ్వే చూసుకో మేడం."

ఈసారి మేడం అన్న మాటకు రమీజా వంటింట్లోంచే నవ్వింది.

ఐదు కావడానికి ఇంకా కొంచెం పొద్దుంది. అప్పటికి ఒక్కరైనా చూస్తారో లేదో, చూసినా ఎప్పుడో రాసిన ప్రోగ్రాంను ఎవరు దాచుకుని ఉంటారో తెలియదు. జూన్ సంగతి అసలే తెలియదు. ఇమాంసాబ్ గలేబులను ఒళ్ళో పెట్టుకుని, తనకు చదవడం రాని ఆ తెర వైపే చూస్తున్నాడు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి రాసి పంపిన మాట ఇది:

'అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను ఇమాంసాబ్ కూతురు ఆరీఫాను. సారు నేర్పిన తాలు లైన్లు రాసినందుకు మా పిల్లలను కాపీ అంటున్నారు. మీరు అప్పట్లో రాసిన ప్రోగ్రాం ఒక్కటైనా, ఎక్కడైనా, ఏ పాత మెయిల్లోనైనా ఉంటే ఐదింటిలోగా పంపండి. లేకపోయినా పరవాలేదు. ఎవరు చెప్పినారో కూడా చెప్పమన్నాడు గదా సారు. అందుకే అడుగుతున్నాం. ఇది చదివినవాళ్ళు ఎవరైనా సరే, ఆయన దగ్గర చదివినా, చదవకపోయినా, వజ్రకరూరు లింగప్ప సారును ఒక్కసారి తలుచుకోండి.'